గడ్డి మీద మోటారు సైకిళ్ళు

అరవైల్లో మేం అయిదుగురం మద్రాసు నుంచి మోటారు సైకిళ్ళ మీద నెల్లూరు తీరానికి బయల్దేరాం. మమ్మల్ని క్షేమంగా తీసుకెళ్ళే బాధ్యత మాలో పెద్దవారైన నరసింహంగారు నెత్తినేసుకున్నారు. మెడలో విజిల్, నోట్లో నియమాలు. ఒకరి వెనక ఒకరు రావాలి, ముందుబండిని దాటకూడదు, ఆయన ఊదితేనే కదలాలి. ఆ ఉపన్యాసం విన్నాక ప్రమాదమే నయమనిపించింది.

తోటపల్లి గూడూరు దగ్గర రోడ్డంతా వరిగడ్డి పరిచి ఉంది. ఒక ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది. "అబ్బయ్యా, గడ్డి జారతాది. ఒకరెనక ఒకరు మెల్లిగా పోండి."

నరసింహంగారి ముఖం వెలిగిపోయింది. తన నియమాల విలువ తెలిసిన మనిషి ఇన్నాళ్ళకు దొరికింది! విజిల్ ఊది మమ్మల్ని వరసగా దాటించారు.

"బో బాగా పోయినారు. ఇంకోసారి ఇట్టా రండి" అందామె.

ఆయన పొంగిపోయి మమ్మల్ని మళ్ళీ గడ్డి మీద తిప్పారు. ఆమె మెచ్చుకున్నకొద్దీ తిప్పుతూనే ఉన్నారు. చివరికి ఆమె కర్రతో గడ్డి ఎగదోసి, కింద రాలిన వడ్లు చూసి నవ్వింది.

"పొద్దుట్నుంచి ఒక్క లారీ రాలా. మబ్బు పట్టింది, నూర్పిడి ఎట్టా అని ఏడస్తా ఉండా. మీరు ఎడ్లకన్నా నయం నాయనా. అవి గడ్డికి నోరు పెడతాయి. మీరు ఒక్క పరక ముట్టలా."

మాకు నవ్వాపుకోవడం కష్టమైంది. నరసింహంగారు మెడలోని విజిల్ తీసి జేబులో దాచుకున్నారు.

ఆమె అందరికీ మజ్జిగ పోసింది. ఆయనకు మాత్రం రెండో చెంబు అందించి, "ముందు నడిచింది నువ్వే గదా, అలిసిపోయుంటావు" అంటూ వీపు నిమిరింది.