కాంటా మీద మా అబ్బాజాన్

నా చిన్నప్పుడు మా అబ్బాజాన్ ఫౌజు నుంచి సెలవు మీద వరంగల్ వస్తే మొదటి రెండు రోజులూ నిద్రే. సిపాయిగా చేరి ఆఫీసరు దాకా ఎదిగిన మనిషి. ఐదు పూటలా నమాజుకు లేచేవారు, సలాం చెప్పి జానిమాజ్ చాప మడతపెట్టి మళ్లీ ఒరిగేవారు. ఆ ఏడు మాత్రం వారం గడిచినా ఆయన అలసట తీరలేదు.

కారణం నాకు వంటింట్లో అమ్మీతో ఆయన అంటుంటే తెలిసింది. ములుగు పక్క పల్లె కుర్రాడొకడు ఫౌజులో ఆయన కంపెనీలోనే సిపాయిగా ఉండేవాడు. దెబ్బ తగిలి మోకాలి కింద కాలు తీసేశారు. దవాఖాన నుంచి తల్లికి మాత్రం ‘బాగున్నా, సెలవు దొరకలే’ అని రాశాడట. ఆమెకు సంగతి చెప్పాల్సింది మా అబ్బాజానే. రోజూ రేపు ములుగు బస్సెక్కుతానంటారు, రేపు రాగానే తలనొప్పంటారు. గుండ్లకు ఎదురు నిలిచిన మనిషి ఒక తల్లికి ముఖం చూపించడానికి భయపడ్డారు. ఈ మాట అనడానికి నాకిప్పుడు సిగ్గేమీ లేదు.

చివరికి ఆమే వచ్చింది, చంకలో ఖాళీ గోనెసంచితో. మేడారం జాతర దగ్గరపడింది. కొడుకు ప్రాణాలతో ఉంటే వాడి ఎత్తు బంగారం, అంటే బెల్లం, సమ్మక్క తల్లికి ఇస్తానని మొక్కుకుంది. తూగడానికి కొడుకు లేడాయె.

“మా పోరడు మీ అంతే ఉంటడు సారూ. వానికి బదులు జర మీరు కాంటా ఎక్కున్రి,” అంది.

ఎక్కడానికి ఆయనకేం అభ్యంతరం లేదు. ఆయన కంపెనీలో ఎక్కువమంది హిందువులు. వాళ్ల పూజలో చెప్పులు విప్పి ముందు వరసలో నిలబడటం తన డ్యూటీ అనేవారు. కానీ ఆమె ముఖం చూడలేక నేల చూపులు చూస్తున్నారు. అమ్మీ ఆయన్ని వంటింట్లోకి పిలిచి, జాతర అయినంక చెప్పున్రి, మొక్కన్న సంతోషంగ తీర్సుకోనీ అంది. ఆయన తలూపారు. నాకూ అదే మంచిదనిపించింది.

బెల్లం దుకాణంలో ఆయన చెప్పులు విప్పి పెద్ద కాంటా ఎక్కి కూర్చున్నారు. నాకు నవ్వొచ్చింది. దుకాణదారు రెండో పళ్లెంలో బెల్లం ముద్దలు పేరుస్తుంటే, ఆమె ఒక్కో ముద్దకూ దండం పెడుతూ కొడుకు చిన్నప్పటి మాటలు చెబుతోంది. చెట్లెక్కడంలో వాణ్ణి మించినోడు లేడట. ఆ మాట దగ్గర మా అబ్బాజాన్ కాంటా దిగిపోయారు.

“అమ్మా, నీ కొడుకు పానం బాగుంది. కానీ ఒక కాలు లేదు. ముందుగాల్నే చెప్పాల్సింది, నాకు ధైర్యం చాలలే.”

ఆమె బస్తాల మీద కూలబడింది. ఎంతసేపు ఏడ్చిందో! దుకాణదారు పాపం మంచివాడే. ఆ పిల్లాడి బరువు ఇప్పుడు తక్కువే కదా అనుకున్నాడో ఏమో, మెల్లగా ఒక ముద్ద తీసి పక్కన పెట్టబోయాడు. ఆమె చటుక్కున లేచి అతని చెయ్యి పట్టుకుంది.

“పెట్టు అండ్లనే! తల్లికి నేను మొక్కింది పూరా కొడుకును. కాలు పోతే నా కొడుకు నాకు తక్కువైతడా? సారూ, ఎక్కి కూసోన్రి.”

ఆయన మళ్లీ ఎక్కారు. తూకం సరిపోయేదాకా కళ్లు మూసుకునే ఉన్నారు. పెదవులు కదులుతున్నాయి, దువా చేస్తున్నట్టున్నారు.

ఆమెను ఊరిదాకా దిగబెట్టి, ఆ రాత్రి వాళ్లింటి అరుగు మీదే పడుకుని మర్నాడు వచ్చారు. అల్లా కోపం చెయ్యడా అబ్బా అని అడిగాను. “మొక్కు ఆమెది బేటీ, నేను ఉత్త బరువును. చెప్పకుండ కూసుంటే మాత్రం అల్లాకు ఏం జవాబిద్దును?” అన్నారు. ఆ పూట నిద్రపోయారు చూడండి, పసిపిల్లాడిలా.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నాకూ డెబ్బై నిండాయి, మోకాళ్లు మొరాయిస్తున్నాయి, చెడ్డ కబుర్లు మోసే ఓపిక నిజంగా లేదు. నిన్న మా చెల్లెలి దవాఖాన రిపోర్టులు వచ్చాయి, మంచివి కావు. ఇంట్లో అందరిదీ ఒకటే మాట: రంజాన్ అయినంక ఆమెకు చెబుదాం, పండగన్న సంతోషంగ చేసుకోనీ. వింటుంటే వంటింట్లో అమ్మీ గొంతు వినిపించింది.

పొద్దున్నే చెల్లెలి ఇంటికి పోవడానికి చెప్పులు వేసుకున్నాను. రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకున్నాను. చెప్పేసి వచ్చెయ్యడానికి కాదుగా పోతున్నది.