ఆ తలుపు తీసిందెవరు

మా అమ్మ, మాకు పెద్దమ్మ లాంటి పక్కింటి ఖాలా ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారని తమ్ముడు ఎల్లారెడ్డి నుంచి ఫోన్ చేసి చెబితే ముందు నవ్వొచ్చింది. కారణం విన్నాక ఒళ్లు మండింది. ఆస్తి తగాదా కాదు, గోడ తగాదా కాదు. ఇద్దరిలో ఒక్కరూ కంటితో చూడని ఒక పాత సినిమా!

మా చిన్నప్పుడు వాళ్లిద్దరూ అరుగు మీద కూర్చుని, ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. కళ్లు ఆకు మీద, చెవులు రేడియో మీద. సినిమాను కుదించి మాటలు, పాటలు వినిపించే ఆదివారం సంక్షిప్త శబ్దచిత్రాల్లో ఈ నలుపు తెలుపు సినిమా అంటే వాళ్లకు ప్రాణం. ఏదో నాటకాన్ని సినిమాగా తీశారట. కథంతా ఒకే ఇంట్లో జరుగుతుంది, అంతా మాటలే. చూడకపోయినా పోయేదేమీ లేదు, చివరి నిమిషం తప్ప.

అందులో చిన్న కొడుకు తండ్రితో గొడవపడి ఇల్లు వదిలిపోతాడు. వాణ్ని వెతకడానికి పెద్ద కొడుకు బయల్దేరతాడు. ఆఖరున తలుపు కిర్రుమంటుంది, అడుగుల చప్పుడు వినిపిస్తుంది, తల్లి “వచ్చావా నాయనా” అంటుంది. అంతే, సంగీతం.

వచ్చింది పెద్దవాడని అమ్మ, చిన్నవాడని ఖాలా.

“గా బూట్ల సప్పుడు ఇనలేదా అక్కా? చిన్నోనికి బూట్లెక్కడియి?” అనేది అమ్మ.

“తల్లి గొంతు ఇను చెల్లె. పెద్దోడొస్తే గట్ల వణుకుతదా?” అనేది ఖాలా.

ఈ వాదన వింటూనే మేం పెరిగాం. బీడీలు చుట్టడం మానేశాక కూడా వాళ్లు దాన్ని మానలేదు.

ఈసారి మాత్రం వ్యవహారం చెడింది. ఖాలా చిన్న కొడుకు తండ్రితో పోట్లాడి దుబాయ్ వెళ్లిపోయాడు. వెళ్లినప్పటి నుంచి తల్లికి ఒక్క ఫోనూ లేదు. అది తెలిసి కూడా, నోటికి తాళం లేని మా అమ్మ, “పోయిన చిన్నోడు మళ్ల రాలే అక్కా, వచ్చింది పెద్దోడే” అనేసింది. అన్నది సినిమా గురించే. ఖాలా మాత్రం చాయ్ కప్పు అక్కడే పెట్టి లేచి వెళ్లిపోయింది.

నాకు పట్టుదల వచ్చింది. ఆ సినిమా ఇంటర్నెట్‌లో దొరికింది. ఒకరికి తెలియకుండా ఒకరిని కామారెడ్డిలో మా ఇంటికి రమ్మన్నాను. తీరా చూస్తే ఇద్దరూ ఒకే బస్సు దిగారు, ఒకరు ముందు తలుపులోంచి, ఒకరు వెనక తలుపులోంచి.

సోఫాకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. టీవీలో తండ్రి పాత్ర కనబడగానే ఖాలా ఆగలేకపోయింది. “గింత బక్కగున్నడేంది! గొంతు ఇంటే పహిల్వాన్ అనుకున్న.” అమ్మ ఫక్కుమని నవ్వింది. సగం సినిమా అయ్యేసరికి ఇద్దరి మధ్యా అటుకుల పళ్లెం చేరింది. సంభాషణలు నటులకంటే ముందే వీళ్లు చెప్పేస్తున్నారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

చివరి ఘట్టం దగ్గరపడుతుంటే అప్పుడు తట్టింది. ఎవరు వస్తారో నేనూ చూడలేదు! ముందొకసారి చూసుకోవాలన్న బుద్ధి నాకు పుట్టనే లేదు. వచ్చింది పెద్దవాడైతే ఖాలా ఏమైపోతుంది?

తలుపు కిర్రుమంది. గడప మీద, ముఖం నిండా వెలుతురుతో, పెద్ద కొడుకు. ఒక్కడే. అనుమానానికి తావే లేదు.

అమ్మ చూసింది. చూసి, పక్కకు తిరిగి ఖాలా ముఖం చూసింది. మెల్లగా కళ్లద్దాలు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

“అద్దాలు మసకైనయ్ అక్కా. ఎవలొచ్చిండ్రు?”

ఖాలా టీవీ మీంచి చూపు తిప్పలేదు. “చిన్నోడే,” అంది.

మా ఆయన నోరు తెరవబోతే గట్టిగా కాలు తొక్కాను.

“గట్లనా! అయితే ఇన్నేండ్లు నాదే తప్పన్నట్టు,” అంది అమ్మ. పుట్టి బుద్ధెరిగాక ఆమె నోట ఆ మాట నేను వినలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఖాలా తెర వంకే చూస్తోంది. “మొకం సూడు చెల్లె, ఎంత గుంజుకపోయిందో. అక్కడ ఏం తిన్నడో ఏమో.”

అమ్మ అద్దాలు పెట్టుకోకుండానే జరిగి ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఇంటికొచ్చిండు గదక్కా. ఇగ తింటడు.”