ఎడపల్లిలో సిరా కొండలు, గంగక్క రాసిన ‘సూడు’

నాకు జపాన్ సిరా చిత్రాల పిచ్చి. పాతకాలంలో అక్కడొక చిత్రకారుడు కొండా వాగూ గీసి, పైన కొంత కాగితం ఖాళీగా వదిలేవాడట. ఆ ఖాళీలో స్నేహితుడు కవిత రాసేవాడు, ఆ తర్వాత ఎర్ర ముద్ర పడేది. అలా కలిసి బొమ్మలు వేసేవాళ్లు మా నిజామాబాద్ పక్కనే ఉన్నారని తెలిశాక కాలు నిలవలేదు.

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి బోధన్ బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్టు, మగవాళ్లు చిల్లర దగ్గర పెట్టుకోండి. గంటలోపే ఎడపల్లిలో దిగాను. డ్రాయింగ్ మాస్టారుగా రిటైరైన నర్సన్న వరండాలో కాగితం పరిచి ఉంది. కొండ ఉండాల్సిన చోట బోధన్ చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం, కింద చెరుకు తోటలు, అంతా నల్ల సిరాతోనే. ఖాళీ చోట, ఈ ఊళ్లోనే పుట్టి ఇప్పుడు మోర్తాడ్‌లో పసుపు పండించే గంగక్క అక్షరాలు: ‘మంచు ఇడిసినంక సూడు, చెరుకు నడుమ మా ఊరు.’ చదివి ఉప్పొంగిపోయాను.

ఆ బొమ్మను హైదరాబాద్ ప్రదర్శనకు ఎంపిక చేశారు, వీళ్లకు అదే మొదటిసారి. ఆ రోజు అక్కడికే వచ్చిన గంగక్కతో కలిసి చాయ్ తాగుతుండగా అక్కడి నుంచి నర్సన్నకు ఫోనొచ్చింది. ‘సూడు’ తప్పట, ‘చూడు’ అని దిద్దితేనే గోడకెక్కిస్తారట.

గంగక్క ముఖం వాడిపోయింది. “సిరా చెరిపితె పోదు గదన్నా. నా రాత పాడుగాను! కొత్త కాయితం మీద మల్ల గియ్యి, సక్కగ రాస్త.”

“ఎందుకు చెల్లె? ఆ జపాన్ పెద్దాయన దోస్తులు ఎవల రాత వాళ్లే రాసిండ్రు. నీది నువ్వు రాసినవ్,” అని నర్సన్న ఎర్ర ముద్ర తీసి, సరిగ్గా ‘సూడు’ పక్కనే గట్టిగా నొక్కాడు. తర్వాత ఫోన్లో, “దిద్దం సార్. పెడ్తె గిట్లనే పెట్టున్రి, లేకుంటె మా ఊరికచ్చి సూడున్రి,” అన్నాడు.

అయితే ప్రదర్శనలో పెట్టేది లేదన్నారు వాళ్లు. గంగక్క కళ్లు తుడుచుకుని, ఇంకో కప్పు చాయ్ పోయమంది.

ఆ బొమ్మ ఇప్పుడు నర్సన్న గోడ మీదే ఉంది. నా జిల్లా మాటకు అంత ఎర్రటి ముద్ర పడటం చూసి, తిరుగు బస్సులో గర్వంతో కూర్చున్నాను. వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఎడపల్లిలో దిగి నర్సన్న ఇల్లెక్కడని ఎవర్నడిగినా “సక్కగ పో” అంటారు. తిన్నగా వెళ్లమని. అలాగే వెళ్లండి, సూడండి.