పెట్టెలో వణుకు

పోయిన మాఘంలో ఒక మంగళవారం, పొద్దున పదకొండు గంటలు. దయ్యాలని ఎవరన్నా అంటే ముఖం మీదే తిట్టే మనిషిని నేను. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది పాల్మాకుల. నా తమ్ముడు యాదయ్యకు వణుకుడు రోగం. నేను చెయ్యి అదిమి పట్టుకుంటే తప్ప బువ్వ నోటిదాకా పోయేది కాదు. తను పోయాక మెదడు పరిశోధనకు ఇమ్మని తనే అన్నాడు. శంషాబాద్ అవతలి ల్యాబుకు నేనే ఇప్పించాను.

మూడోనాడు పిట్టకు పెడితే కాకి ముట్టలేదు.

"తలకాయ కోసిచ్చినవ్ వదినా, ఇగ ఆయన ఏడికెళ్లి వస్తడు? మిగిలింది తెచ్చియ్యి, అది గూడ కాలవెడదాం" అంది మరదలు, అందరి ముందు.

రెండు నెలలు ఆగి, ఆ మంగళవారం అది అడగడానికే ల్యాబుకు పోయాను. డాక్టర్ సుచరిత మేడం కూర్చోబెట్టి చెప్పింది. మెదడులో కబురు అందుకునే చోట్లు ఉంటాయట. చల్లబరిచి గడ్డకట్టించిన మెదడును ఉల్లిపొరలా కోసి, గాజుపలకకు అతికించి, రేడియేషన్ కలిపిన మందులో ముంచుతారు. మందు ఆ చోట్లనే అంటుకుంటుంది. తర్వాత చీకటి పెట్టెలో ఫిల్ము మీద వారాల తరబడి ఉంచితే, అంటుకున్నచోట నల్లగా పడుతుంది.

అప్పుడే ల్యాబులో పనిచేసే నర్సింహ ఫిల్ము కడిగి తెచ్చాడు. ఒకే పెట్టెలో పెట్టినవి. వేరేవాళ్లవి గీత గీసినట్టున్నాయి. యాదయ్యవి మాత్రం చెదిరిపోయాయి, కదిలే మనిషిని ఫొటో తీసినట్టు.

"పలకలు కదిలాయా?" అంది మేడం.

"కదులుడేంది మేడం? నేనే టేపేసిన. సూడుండ్రి, ఇంక ఊడలే."

వాడికి అక్కడ కూడా నిలకడ లేదా అనిపించింది.

యాదయ్యవే వేరే పొరలతో వాళ్లు మళ్లీ పెట్టారు. పెట్టె మూయగానే, మేడం వద్దంటున్నా, నేను మూత మీద చెయ్యి అదిమాను. "ఊకో తమ్మీ, పట్టుకున్న" అన్నాను. మిగిలింది అడగకుండానే వచ్చేశాను.

ఆ ఫిల్ము వెంట్రుకవాసి కూడా చెదరకుండా వచ్చిందని కొన్ని వారాల తర్వాత నర్సింహ ఫోన్ చేశాడు. ఎందుకో మేడంకి కూడా తెలియదట. కానీ ఆ తర్వాత వచ్చిన మాసికం నాడు కూడా కాకి ముట్టలేదు. మరదలు నాతో మాట్లాడటం లేదు. దేన్ని నమ్మాలో నాకు నేటికీ తెలియదు.

ఆ రోజు ఆ గదిలో ఉన్నది సుచరిత మేడం, నర్సింహ, నేను. యాదయ్య పేరు కూడా రాయాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాను.