పూసలు పట్టిన రాగి

పలచటి ఆమ్లం పోయగానే గాజుగొట్టంలోని పాలిమర్ పూసల నుంచి అవి పట్టిన రాగి నీలిరంగుగా దిగుతుంది. పుల్లటి ఘాటు ముక్కుకు తగులుతుంది. ఇన్నేళ్ళయినా ఆ వాసనకు నాకు నారాయణప్ప సారే గుర్తొస్తారు. బొమ్మనహళ్ళిలో రేకుల షెడ్డులో నడిచే చిన్న ప్రయోగశాలకు ఆయన పెద్ద, పాత బెంగళూరు తెలుగువాడు. హిందూపురం నుంచి వచ్చిన నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆయనే.

రాగిపూత వేసే కార్ఖానాల్లో కడుగునీళ్ళతో పాటు బోలెడు రాగి కాలవపాలవుతుంది. ఆ ఒక్కదాన్నే పట్టుకుని మిగతావాటిని వదిలేసే పూసలు చేయడం నా పని. శుద్ధజలంలో రాగి ఉప్పు కలిపి పోస్తే, నా పూసలు రాగినంతా లాగేసుకున్నాయి. నాకు కళ్ళు నెత్తికెక్కాయి. సార్ ఊళ్ళో లేనప్పుడు ఒక కార్ఖానా యజమానికి ఫోన్ చేసి, అంతా సిద్ధమని చెప్పేశాను.

సార్ తిరిగొచ్చాక ఇద్దరం వెళ్ళి, యజమాని ఎదుటే గొట్టం బిగించి వాళ్ళ నీళ్ళు పోశాం. పోసినవి పోసినట్టే నీలంగా బయటికొచ్చాయి. బోరునీళ్ళలోని సున్నమే పూసల నిండా చేరింది, రాగికి చోటు మిగల్లేదు.

"ఏం సార్, నీళ్ళు అట్లనే ఉండాయి గదా! ఇంక రావద్దండి" అన్నాడు యజమాని.

నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. సార్ నావైపు చూడను కూడా లేదు.

"తప్పు మాదేనప్పా. మీ నీళ్ళు ఎట్లుండాయో చూడకుండా వచ్చినాము. మూడు నెలలు టైమియ్యి."

బయట స్కూటర్ దగ్గర మాత్రం వదిలిపెట్టలేదు. "నీ సీసా నీళ్ళల్లో రాగి తప్ప ఏముండాదమ్మా? ఇంక పూసలు దేన్ని పట్టుకోవాల?"

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఆ కార్ఖానా కాలవ నీళ్ళు డబ్బాలో నింపి ఆయనే తెచ్చేవారు. అరవై దాటిన మనిషి. నేను తెస్తానంటే, "నువ్వు పూసల సంగతి చూడు" అని కసిరేవారు. సున్నానికి లొంగే రసాయన గుంపులను పూసల మీంచి తీసేసి, రాగినే ఎంచుకునే అమీన్ అనే గుంపులను అతికించాను. ఎన్నిసార్లు పాడయ్యాయో లెక్కలేదు. మూడో నెల చివర్లో, ఆ యజమాని ఎదుటే, గొట్టంలోంచి నీళ్ళు ఏ రంగూ లేకుండా దిగాయి. సిగ్గు లేకుండా ఏడ్చేశాను.

యజమాని సార్ చేయి పట్టుకుని, "సాధించినారు సార్!" అన్నాడు.

"నాది కాదప్పా, ఈ పాపది" అని సార్ చేయి విడిపించుకుని, డబ్బా కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆయన పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తున్నారు. వాళ్ళు తప్పు చేస్తే "మాది" అనడం త్వరగానే అలవాటైంది. వాళ్ళు గెలిచినప్పుడు పక్కకు తప్పుకోవడమే కష్టం. ప్రతిసారీ "నాది" అనే మాట నోటిదాకా వస్తుంది. మింగేస్తాను. నారాయణప్ప సార్ దగ్గర పని నేర్చుకున్నదాన్ని, ఆ గర్వం నాకు చాలు.