ఆటో అక్క ఆడించిన చేతులు

ఆ రోజుల్లో, అంటే విదేశంలో ఎంబీబీఎస్ చదివొచ్చి, ఇక్కడి అర్హత పరీక్ష తప్పి, గాజువాకలో మా మేనత్త ఇంట్లో తలదాచుకున్న రోజుల్లో, నేను డాక్టరునో కాదో ఎవరికీ అర్థమయ్యేది కాదు. చుట్టాలు బీపీ చూడమని చేతులు చాపేవారు. పాసైతే తప్ప చూడకూడదంటే, "మరిన్నాళ్లూ అక్కడేటి సేసావ్ బాబూ?" అనేది మేనత్త. (పరీక్షలో కూడా ఇంత కష్టమైన ప్రశ్న రాలేదు.)

రెండోసారైనా గట్టెక్కాలని కోచింగులో చేరాను. అక్కడ ఒక్కొక్కరిదీ ఒక్కో కిటుకు. ఒకడు వీడియో పాఠాలు రెట్టింపు వేగంతో వినేవాడు. ఇంకొకడు నిద్ర మానేశాడు. నేను పుస్తకం నిండా రంగురంగుల గీతలు కొట్టి, చదివేశానని సంబరపడేవాణ్ణి. పసిబిడ్డను తల్లికి అప్పగించి వచ్చే ఒక అక్క మాత్రం, షేర్ ఆటో ఎక్కగానే ముందురోజు చదివిందంతా నటించి చూపేది. అందుకే మాకు ఆటో అక్క. ఆ ధైర్యం తలచుకుంటే ఇప్పటికీ నాకు అబ్బురమే. లివరు పాడై మగతలోకి జారే రోగి చేతులెలా ఉంటాయో ఒకరోజు నాకు నేర్పింది. "సేతులు ముందుకి సాపరా తమ్ముడూ. ట్రాఫిక్ పోలీసు బండి ఆపినట్టు అరిసేతులు పైకెత్తు. ఇప్పుడు రెక్కల్లా ఆడించు." ఇద్దరం ఆడిస్తుంటే, డ్రైవరు అద్దంలో చూసి ఆటో పక్కకి తీసి, "ఇక్కడే దిగిపోతారేటి?" అన్నాడు.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. కామెర్లు, మగత, ఇంకేం కనిపిస్తుంది? నా చేతులు వాటంతటవే లేచి ఆడాయి. పర్యవేక్షకుడు వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఎవరికయ్యా సైగలు సేత్తన్నావ్?" బయటికి పంపేస్తే మళ్లీ మేనత్తకు జవాబు చెప్పుకోవాలి. "లివర్ పేషెంటండి" అన్నాను. ఆయన నా ముఖం పరీక్షగా చూసి, "సూస్తే అలాగే ఉన్నావ్. సేతులు దించి పని సూసుకో" అని వెళ్లిపోయాడు.

ఇద్దరం పాసయ్యాం, అక్క నాకంటే చాలా పైన. ఇప్పుడు నేను పరవాడ దగ్గర ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. మొన్న మగతగా ఉన్న ఒక పెద్దాయన్ని తీసుకొచ్చారు. చేతులు చాపించి చూస్తే, అచ్చం ఆటోలోలాగే ఆడాయి. మందులు మొదలుపెట్టించి అక్కకి ఫోన్ చేశాను.

"నిజంగానే అలా ఆడాయక్కా."

"మరేటి, ఆటోలో నాను అబద్ధమాడేననుకున్నావా?"

వారం తిరిగేసరికి ఆ పెద్దాయన చేతులు కుదుటపడ్డాయి. ఇక ఆ వార్డులో రెక్కలాడిస్తున్నవాణ్ణి నేనొక్కణ్ణే, ఎదురుగా నవ్వాపుకుంటున్న హౌస్ సర్జన్లకు నేర్పడం కోసం.