ఖాజా మియా నేర్చుకున్న పూలు

2005 జూన్‌లో నన్ను గద్వాల నుంచి వనపర్తికి బదిలీ చేశారు. ఒక ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ టీచరుగా చేరాను. బడి కొలువుల్లో డ్రాయింగ్ టీచరుది చివరి వరస. పదో తరగతి పరీక్షలో మా సబ్జెక్టు ఉండదు కనుక, అర్ధ సంవత్సర పరీక్షలు దగ్గర పడగానే మా పీరియడ్లు లెక్కల సారుకు పోతాయి. అప్పుడు మేము హాజరు పట్టీలు నింపుతాం, గణతంత్ర దినోత్సవానికి ముగ్గు గీస్తాం.

ఆ బడి గేటు మీద పేరు రాసిన మనిషి ఖాజా మియా. నలభై దాటిన వయసు. పెద్దమందడి నుంచి రోజూ సైకిల్ మీద వచ్చి వనపర్తి బజారులో సైన్ బోర్డులు రాసేవాడు. కిరాణా కొట్టు, దవాఖాన, టైలరింగ్ షాపు, ఏ బోర్డు చూసినా అతని అక్షరమే. ఆ ఏడాది ఊళ్లోకి ఫ్లెక్సీ మిషన్ వచ్చింది. అతను రెండు రోజులు రాసే బోర్డు ఆ మిషన్‌లో గంటలో బయటికొచ్చేది. వానాకాలం ముగిసేసరికి అతనికి పని లేదు.

మా ప్రధానోపాధ్యాయుడు అతన్ని పిలిచి ఒక మాట చెప్పారు. కింది తరగతులకు గౌరవ వేతనం మీద చిత్రలేఖనం బోధకుణ్ణి తీసుకుంటారు, డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్ష పాసైతే చాలు, నిన్నే పెట్టుకుంటాం అన్నారు. ఖాజా మియా నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, అక్షరాలైతె కండ్లు మూసుకొని రాస్త. పువ్వు మాత్రం తెల్వదు. పరీక్షల పువ్వే అడుగుతరట. జర నేర్పుండ్రి."

లోయర్ గ్రేడ్‌లో ఒక పేపరుకు నిజమైన పువ్వును ఆకులతో సహా ముందు పెడతారు. దాన్ని చూసి పెన్సిల్‌తో గీసి రంగు వేయాలి. ఖాజా మియాకు తెలిసిన పువ్వు బోర్డు మూలన వేసేది, వృత్తలేఖినితో తీసినట్టు అయిదు రేకులూ ఒకే కొలత. సాయంత్రం బడి వదిలాక మొదటి పాఠంగా మందారం పెట్టాను. అతను పువ్వు వైపు ఒకసారి చూసి, తల వంచుకుని, తన బోర్డు పువ్వునే గీశాడు.

ముందు కాడ నుంచి పువ్వు మధ్యకు ఒక సన్నటి గీత తీయమన్నాను. పువ్వు ఎటు వాలిందో ఆ గీత చెబుతుంది. తర్వాత మన వైపు తిరిగిన రేకు పొట్టిగా కనిపిస్తుంది, పొట్టిగానే గీయాలి. వెనక రేకు సగమే కనిపిస్తుంది, సగమే గీయాలి. ఇక్కడే అతను ఆగిపోయేవాడు. కనిపించని సగాన్ని కూడా పూర్తి చేసేవాడు. సైన్ బోర్డు చెయ్యి అది, భుజం నుంచి ఒక్క ఊపున గీస్తుంది, సగంలో వదిలేయడం దానికి రాదు. పెన్సిల్ మొనలు విరిగేవి. పక్కనున్న హాస్టల్ పిల్లలు కిటికీలోంచి చూసి నవ్వేవారు. అతను చెమట తుడుచుకుని మళ్లీ కాగితం తీసుకునేవాడు.

తంగేడు, గన్నేరు, ఉమ్మెత్త. నెలల తరబడి ఇదే పని. ఒక సాయంత్రం వాడిపోతున్న బంతిపువ్వును గీశాడు. ఒక పక్క రేకులు కుంగి, కాడ వంగి, ఉన్నది ఉన్నట్టు వచ్చింది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"అక్షరం ఎవరు సూసినా ఒక్కతీరుంటది మేడం. పువ్వు, మనం కూసున్న జాగ మారితె మారుతది. ఇన్నేండ్లు గిది సూడనే లేదు" అన్నాడు.

పరీక్ష మహబూబ్‌నగర్‌లో రాసి పాసయ్యాడు. సర్టిఫికెట్ చూసిన ప్రధానోపాధ్యాయుడు, వరండా గోడ మీద పూలు వేయి, తనిఖీకి వచ్చే అధికారి కంట పడితే నీ పని ఖాయం అన్నారు. మరుసటి ఏడు దసరా సెలవులన్నీ ఖాజా మియా ఆ గోడ దగ్గరే గడిపాడు. రంగులు తనవే. తంగేడు కొమ్మలు, గునుగు, మధ్యలో మందారాలు. ఏ రెండు పూలూ ఒకేలా లేవు. నా సర్వీసులో ఏ బడి గోడ మీదా అంత మంచి పని చూడలేదు.

తనిఖీకి ముందురోజు ఆ గోడకు మేకులు కొట్టి స్వాగతం ఫ్లెక్సీ బిగించారు. దాని మీద కూడా పూలున్నాయి, మన దగ్గర ఎక్కడా పూయనివి. ఆ వారమే బోధకుడి పోస్టులో బడి కమిటీ సభ్యుడి బావమరిదిని పెట్టారు. అతని దగ్గరా లోయర్ గ్రేడ్ సర్టిఫికెట్ ఉంది. చేతిలో పెన్సిల్ మాత్రం నేనెన్నడూ చూడలేదు. ఇదేం న్యాయమని అడిగితే, "సర్టిఫికెట్ ఉన్నోణ్ణే పెట్టినం గద మేడం, మీకెందుకు పరేషాన్?" అన్నారు ప్రధానోపాధ్యాయుడు.

ఇద్దరికీ ఒక పువ్వు ముందు పెట్టి గీయించి చూడండి అని పై కార్యాలయానికి రాశాను. జవాబుగా నాకే మెమో వచ్చింది. మెమో అంటే సంజాయిషీ అడిగే కాగితం. ప్రధానోపాధ్యాయుడి ద్వారా కాకుండా నేరుగా ఎందుకు రాశావన్నది అందులోని ప్రశ్న. సంజాయిషీ ఇచ్చాను. నెల తిరక్కుండా నన్ను నాగర్‌కర్నూల్‌కు డిప్యుటేషన్ మీద పంపారు. జీతం పాత బడిలో, పని కొత్త బడిలో. పాత బడిలో నా పీరియడ్లు బావమరిదికి ఇచ్చారు.

రెండేళ్ల తర్వాత నాగర్‌కర్నూల్ బస్టాండు దగ్గర ఖాజా మియా కనిపించాడు. వెదురు నిచ్చెన మీద నిలబడి ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీకి తాళ్లు కడుతున్నాడు. ఫ్లెక్సీ షాపులోనే కూలికి కుదిరాడట. దిగి వచ్చి సలాం చేశాడు. పూలు గీస్తున్నావా ఖాజా భాయ్ అని అడిగాను.

"ఎందుకు మేడం?" అన్నాడు. "కోపం జేసుకోకుండ్రి. మీరు నేర్పకుంటె బాగుండు. బోర్డుల పని ఒక్కటే పోయిందనుకొని ఊకుంటుంటి. ఇప్పుడు రెండు పోయినయి" అన్నాడు.

పైనుంచి ఎవరో కేకేశారు. అతను నిచ్చెన ఎక్కాడు.

నేను రిటైరయ్యాక నా పోస్టులో ఎవరినీ వేయలేదు. ఖాజా మియా సంగతి నాకు నేర్పింది ఒక్కటే. పని ఎవరికివ్వాలో ముందే తేల్చుకున్న చోట, ఎంత బాగా నేర్చుకున్నా ఫలితం మారదు. ఆ తర్వాత కూడా పెద్దవాళ్లు నేర్చుకోవడానికి వస్తే కాదనలేదు. ఇది నేర్చుకుంటే కొలువు ఇస్తామని ఎవరైనా చెప్పి పంపితే మాత్రం, ఆ మాట కాగితం మీద రాయించుకుని రమ్మనేదాన్ని. అలా వెళ్లినవాళ్లలో ఒక్కరూ కాగితంతో తిరిగి రాలేదు.